ముడిపడని బొంత

దూరం నుంచి చూసేవాళ్లకు మెలకువ కోటలో ఏదో ఉత్సవం జరుగుతున్నట్టు ఉంటుంది. ఆకాశాన్ని ఒరుసుకుంటూ నిలిచిన నల్లరాతి శిఖరం, దాని మీద వరసలు వరసలుగా ప్రాకారాలు, ప్రాకారాల మీద బంగారు కలశాలు మెరిసే బురుజులు. ఆ బురుజుల నడుమ కట్టిన తాళ్ల మీద, స్ఫటికపు కిటికీల మీద, ఏనుగుదంతం పొదిగిన పిట్టగోడల మీద, ఎక్కడ చూసినా ఎండకు ఆరేసిన బొంతలే. పసుపుపచ్చవి, నీలిమందు రంగువి, కుంకుమ రంగువి, ఒకప్పుడు ఏ రంగులో ఉండేవో ఇప్పుడెవరూ చెప్పలేనివి. గాలి వీచినప్పుడల్లా ఆ రంగులన్నీ ఒక్కసారి లేచి పడతాయి. దగ్గరికి వెళ్లినవాళ్లకు మాత్రం వాసన తెలుస్తుంది. ఆముదం, పాలు, పసిపిల్లల ఉచ్చ, తాతల పొగాకు. అన్నీ ఎవరో ఒకరి ఇంటినుంచి దొంగిలించి తెచ్చినవే.

ఆ శిఖరం అడుగున, ముళ్లపొదల చాటున, చలిమల రాజ్యం నుంచి వచ్చిన ఇద్దరు మనుషులు పోట్లాడుకుంటున్నారు.

"ఆ తలపాగా తియ్యి" అంది కుందమ్మ.

"తియ్యను" అన్నాడు ముమ్మడి.

"చీర కట్టావు. గాజులు తొడిగావు. మీసం గొరిగించుకున్నావు. ఆడవేషంలో పాగా ఏంటయ్యా అల్లుడూ?"

"పైన ముసుగు వేసుకుంటాను. ఎవరికీ కనపడదు."

కుందమ్మ చలిమలలో పేరున్న బొంతలమ్మ. రాజ్యంలో సగం మంది పసిపిల్లలు ఆమె కుట్టిన బొంతల మీదే దొర్లారు. ముమ్మడి ఆమె ఇంటికి ఇల్లరికం వచ్చిన అల్లుడు, మాజీ సైనికుడు. ఒకసారి మదమెక్కిన ఏనుగు కాళ్ల కింద నుంచి యువరాజును లాగి కాపాడాడు. మెచ్చుకున్న మహారాజు నిండుసభలో తన చేత్తోనే అతని తలకు జలతారు పాగా చుట్టాడు. అప్పటినుంచి ముమ్మడి దాన్ని స్నానానికి తప్ప దించడు. అతని భార్య చందమ ఆ పాగాను సవతి అని పిలుస్తుంది.

గొడవంతా ఆ పాగాతోనే మొదలైంది.

చలిమలలో చలి ఎక్కువ, ఆచారాలూ ఎక్కువే. బిడ్డ పుట్టిందంటే ఇంటిల్లిపాదీ తాము ఒంటిమీద కట్టిన బట్టలోంచి తలా ఒక ముక్క ఇవ్వాలి. అమ్మ చీర, తాత పంచె, మేనత్త రవిక, ఇలా అన్నీ అతికి బొంత కుడతారు. తండ్రి ముక్క మాత్రం అతని తలపాగాలోంచే రావాలి. ఇవ్వవలసినవాళ్లందరూ ఇచ్చేదాకా ఒక మూల తెరిచే ఉంచుతారు, దారం కొసకు ముడి వెయ్యరు.

ముమ్మడి కూతురు పొన్నారి పుట్టినప్పుడు అందరూ ఇచ్చారు. ముమ్మడి పశువుల కొట్టంలోంచి ఒక పాత తుండుగుడ్డ తెచ్చి ఇచ్చాడు. కుందమ్మ దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చూసి, వెళ్లి మళ్లీ కొట్టంలోనే తగిలించి వచ్చింది. "మహారాజు ఇచ్చిన జలతారును పిల్ల ఉచ్చపోసుకునే బొంతలో వెయ్యాలా?" అని అతను అలిగాడు. దసరాకి చూద్దామన్నాడు. దసరా వెళ్లాక ఉగాదికి అన్నాడు. బొంత మూల అలాగే తెరుచుకుని ఉండిపోయింది, దాని దారం కొస ఊయల మీద వేలాడుతూ ఉండేది.

ఒక మధ్యాహ్నం ఆ దారం కొస దానంతటదే కదిలింది. ఎవరో అవతల నుంచి లాగుతున్నట్టు గడప కిందికి పాకింది. వెనకే బొంత కూడా పొన్నారి ఒంటిమీద నుంచి జారి, గడప దాటి, వాకిలి దాటి, చందమ పరుగెత్తుకు వచ్చేలోపు పొగమంచులో కలిసిపోయింది.

ఆ రోజు నుంచి పొన్నారి కన్ను మూయలేదు. మొదట్లో గుక్కపెట్టి ఏడ్చింది. తరవాత ఏడుపు కూడా మానేసి, కళ్లు తెరుచుకుని ఇంటి వాసాల వంక చూస్తూ పడుకుని ఉండిపోయింది. పాలు తాగడం తగ్గింది. నిద్ర తిరిగి రాకపోతే బిడ్డ దక్కదని రాజవైద్యుడు చెప్పాడు. యుద్ధంలో ఎన్నడూ భయపడని ముమ్మడి ఆ మాట వినగానే ఉపాయం చెప్పేవాళ్ల కోసం ఊళ్లవెంట పడ్డాడు.

దారి చెప్పినవాడు పొగమంచు లోయలోని బైరాగి. ఉన్నిద్రభైరవుడనే మాంత్రికుడు చావు లేకుండా వరం సంపాదించాడట. వరం ఇచ్చిన దేవత బదులుగా అతని నిద్ర తీసుకుపోయింది. అందుకని లోకంలో ముడిపడని బొంతలు ఎక్కడున్నా మంత్రంతో లాక్కుని పోగుచేసుకుంటున్నాడు. రోజూ మిట్టమధ్యాహ్నం ఒక బొంత కప్పుకుని, ఆ ఇంటి నిద్ర తాను పోతాడు. మర్నాటి బొంతను తలకింద పెట్టుకుంటాడు. ఒక్కసారి అతను కప్పుకున్నాడంటే ఆ బొంతలోని నిద్ర మళ్లీ తిరిగిరాదు.

"రేపు మధ్యాహ్నం వాడి తలకింద ఉండేది మీ బొంతే" అన్నాడు బైరాగి. "వాడు పడుకుని ఉండగానే తెచ్చుకోండి. ఇంకో మాట. మీ బొంత తప్ప అక్కడ మరేదీ ముట్టుకోవద్దు."

అందుకే ఈ వేషాలు. చివరికి పాగా మీదే ముసుగు కప్పుకుని, చంకలో బొంతల మూటతో ముమ్మడి పొద చాటునుంచి బయటికి వచ్చాడు. మూటలో ఉన్నవి కుందమ్మ ఇంట్లో కుట్టుడు సగంలో ఉన్న బొంతలు, ఇంకా ఏ బిడ్డా పడుకోనివి. చీర కుచ్చెళ్లలో అతను ఒక పిడిబాకు కూడా దాచుకున్నాడు.

శిఖరం అంచు నుంచి ఒక పెద్ద గంప మోకుకు వేలాడుతూ కిందికి దిగింది. ఇద్దరూ ఎక్కారు. పైన గిలక కిర్రుమంది. గంప మేఘాల్లోంచి ఊగుతూ లేచింది. ఒక్కో ఊపుకు అది కొండరాతికి కొట్టుకుంటుంటే ముమ్మడి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. కుందమ్మ మాత్రం గంప అల్లిక వదులైన చోట వేలు పెట్టి చూసి, "ఎవరల్లారో గానీ శ్రద్ధ లేదు" అంది.

పైన కోటగుమ్మం దగ్గర గిలక తిప్పుతున్నది చేటచెవి అనే రాక్షసి. చెవులు రెండూ నిజంగానే చేటలంత ఉన్నాయి. ఆ కోటలో యజమానికి తప్ప ఎవరికీ నిద్ర లేదు కాబట్టి ఆమె కళ్లు నిప్పుల్లా ఎర్రగా ఉన్నాయి, మాట చిరాగ్గా ఉంది.

"ఎవరు మీరు? ఏం తెచ్చారు?"

"బొంతలు తెచ్చాం తల్లీ, అమ్ముకుందామని" అంది కుందమ్మ.

రాక్షసి మూట విప్పి ఒక్కో మూలా తడిమింది. "ముడి వెయ్యలేదు కదా? ముడిపడితే మా దొరకు పనికిరాదు. అది కప్పుకుంటే ఉన్న నిద్ర కూడా చెదిరిపోతుంది."

"లేదు తల్లీ. ముడి వేసే రాత ఉంటే అమ్ముకోవడం దేనికి? ఇదిగో ఇది నా కూతురు. దీని బిడ్డకు బొంత కుట్టాను. ఊరంతా ముక్కలిచ్చింది. కన్నతండ్రి ఇవ్వలేదు. వాడి సోకు వాడిది. కూతురి కంటే గుడ్డముక్క ఎక్కువైంది వాడికి. ఏం చెప్పమంటావు?"

ముసుగు లోపల ముమ్మడి పళ్లు కొరికాడు. జవాబు చెబితే గొంతు బయటపడుతుంది.

"అల్లుళ్లంతా అంతే" అంది చేటచెవి. ఆమె గొంతు కాస్త మెత్తబడింది. అంతలోనే ఆమె చూపు ముసుగు మీద పడింది. "దీని తల ఏంటి, ఇంత ఎత్తుగా ఉంది?"

"కొప్పు తల్లీ. జుట్టు మాత్రం దేవుడు బాగా ఇచ్చాడు దానికి, బుర్ర సంగతే మరిచిపోయాడు."

"మీరు బొంతలు కుట్టేవాళ్లే అని నమ్మకమేంటి? నా పైట చిరిగింది. దీన్ని కుట్టమను" అంటూ చేటచెవి పడవ తెరచాపంత పైటను ముమ్మడి ఒళ్లో పడేసింది.

ముమ్మడి జన్మలో సూది పట్టలేదు. కుందమ్మ కొప్పులోంచి తీసి ఇచ్చిన దబ్బనాన్ని బల్లెం పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. మొదటి పోటు అతని వేలిలోకే దిగింది. రెండోది పైటను తీసుకెళ్లి అతని చీర కొంగుకు కుట్టింది. చెమటలు కక్కుతూ అతను కుట్టిన నాలుగు కుట్లూ నాలుగు దిక్కులకు పోయాయి. చేటచెవి వాటిని చూసి కాసేపు నమ్మలేకపోయింది. తరవాత నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వుకు ఆమె చెవులు టపటపా కొట్టుకున్నాయి, పిట్టగోడ మీద పావురాలు లేచిపోయాయి.

"ఒసే మొద్దుదానా, ఇదా కుట్టు?" అంది కుందమ్మ. ఆ తిట్టును ఆమె వేషం కోసం తిట్టిందో, ఎన్నాళ్లనుంచో తిట్టాలని ఉండి తిట్టిందో చెప్పడం కష్టం. "అందుకే తల్లీ, మొగుడు వదిలేసిపోయాడు."

"పాపం" అంది చేటచెవి కళ్లు తుడుచుకుంటూ. "నవ్వి ఎన్నాళ్లయిందో! లోపలికి పోయి వసారాలో కూచోండి. దొర నిద్రలో ఉన్నాడు. లేచాక బేరమాడుకోండి."

లోపలి ముంగిట్లో చాలామంది మనుషులు మాట్లాడకుండా బొంతలు దులుపుతున్నారు, తిరగేస్తున్నారు. కుందమ్మ ఒక ముసలాయన పక్కన నిలబడి, "నువ్వెక్కడివాడివి తాతా?" అని అడిగింది.

"మనవడి బొంత కోసం వచ్చినవాణ్ని" అన్నాడాయన తల ఎత్తకుండా. "ఈ మాంత్రికుడు బొంతలోంచి నా పంచె ముక్క ఊడబీకి దగ్గర పెట్టుకున్నాడమ్మా. ఎవరి ముక్క వాడి చేతిలో ఉంటే ఆ మనిషి ఈ గుమ్మం దాటలేడు. కాళ్లు కదలవు. ఇక్కడున్నవాళ్లమంతా అలాంటివాళ్లమే."

కుందమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసి ముందుకు నడిచింది.

శయనమందిరం గుమ్మానికి రెండు వైపులా రెండు రాతిసింహాలు కూర్చుని ఉన్నాయి. ముమ్మడి అడుగు పెట్టబోయేసరికి వాటి కళ్లు వెలిగాయి, రాతిగొంతుల్లో గురగుర మొదలైంది. "ఇనుము వాసన పట్టాయి" అని గొణిగాడు ముమ్మడి. కుచ్చెళ్లలోంచి పిడిబాకు తీసి గడప బయటే పెట్టాడు. గురగుర ఆగింది. కుందమ్మను సింహాలు పట్టించుకోలేదు. ఆమె దబ్బనం జింకకొమ్ముతో చెక్కినది, ఆమె అత్తగారు ఇచ్చినది.

ఆ గది వైభవం చెప్పనలవి కాదు. పగడపు స్తంభాలు, వాటి మీద మరకతాల చిలకలు, పైకప్పునిండా పరిచిన ముత్యపు చిప్పలు, వాటిమీద పడి చెదిరే ఎండ వెలుగు. మధ్యలో చందనపు పట్టెమంచం. ఆ మంచం మీద, ఎవరో పేదింటి నుంచి వచ్చిన గళ్లగళ్ల బొంత గడ్డందాకా కప్పుకుని, ఉన్నిద్రభైరవుడు పసిపిల్లవాడిలా వేలు నోట్లో పెట్టుకుని నిద్రపోతున్నాడు. ఆ నిద్ర అతనిది కాదు మరి. బొంత ఏ పిల్లవాడిదో, వేలు చీకే అలవాటు కూడా ఆ పిల్లవాడిదే.

అతని తలకింద, నాలుగు మడతలు పెట్టి, పొన్నారి బొంత ఉంది.

ముమ్మడి దాన్ని వెంటనే గుర్తుపట్టాడు. చందమ పెళ్లిచీర అంచు పైకి కనిపిస్తోంది. ముసుగు వెనక్కి తోసి, మోకాళ్ల మీద పాకుతూ మంచం దగ్గరికి చేరాడు. ఎడమచేత్తో మాంత్రికుడి తలను గుడ్డు పట్టుకున్నంత జాగ్రత్తగా లేపాడు. కుడిచేత్తో బొంతను కొంచెం కొంచెంగా ఇవతలికి లాగాడు. మాంత్రికుడు పెదవులు చప్పరించాడు. ముమ్మడి ఆగాడు. మళ్లీ లాగాడు. బొంత బయటికి వచ్చింది. దాని స్థానంలో మూటలోని బొంతలు పెట్టి, తలను మెల్లగా దించాడు. మాంత్రికుడు ఇంకా గాఢంగా వేలు చీకాడు.

పని అయిపోయింది. ఇక రెండు అంగల్లో గది దాటవచ్చు. ముమ్మడి సైగ చెయ్యడానికి అత్త వంక తిరిగాడు.

కుందమ్మ మంచం కాళ్లవైపు నేల మీద కూర్చుని ఉంది. గళ్లబొంత తెరిచిన మూల మంచం మీదనుంచి ఆమె కళ్లముందుకు వేలాడుతోంది. చిరిగిన అంచు, ముడిలేని దారం. ఆమె దాన్ని ఎంతసేపు చూసిందో తెలియదు. బైరాగి మాట ఆమెకు గుర్తుంది, చేటచెవి మాటా గుర్తుంది. చేతులకు మాత్రం అవేవీ గుర్తులేవు. వదులు కుట్టు కనబడితే లాగి బిగించడం ఆ చేతులకు పుట్టినప్పటి నుంచి అలవాటు. దబ్బనం ఎప్పుడు కొప్పులోంచి బయటికి వచ్చిందో, చిరుగు మీద కుట్లు ఎలా పడ్డాయో ఆమెకే తెలియదు. ముమ్మడి చూసే సమయానికి ఆమె దారాన్ని వేలికి చుట్టి, మెలిపెట్టి, ముడి బిగించి, మిగిలిన కొసను పళ్లతో కొరుకుతోంది.

"అత్తా!" అన్నాడు ముమ్మడి గొంతులోనే.

కుందమ్మ తలెత్తింది. తన చేతుల వంక చూసుకుంది.

ఉన్నిద్రభైరవుడు నోట్లోంచి వేలు తీసి కళ్లు తెరిచాడు.

"ఎవరు ముడి వేసింది?" అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే ఏడుపు ఎక్కువగా ఉంది. అర్ధంతరంగా నిద్ర లేపిన పసిపిల్లలందరూ అలాగే మాట్లాడతారు. మరుక్షణం అతను అతనయ్యాడు. మంచం మీద నిలబడ్డాడు. జడలు కప్పును తాకాయి. మరకతపు చిలకలన్నీ ఒక్కసారిగా "దొంగలు! దొంగలు!" అని అరిచాయి.

ముమ్మడి బొంతను చంకలో ఇరికించుకుని, రెండో చేత్తో అత్త మణికట్టు పట్టుకుని పరుగు లంకించుకున్నాడు. గడప దాటుతూ పిడిబాకు కోసం వంగేంత వ్యవధి లేకపోయింది. వెనక మాంత్రికుడు చప్పట్లు చరిచాడు. తాళ్ల మీది బొంతలన్నీ రివ్వున లేచి ఆకాశం కప్పేశాయి. ఒకటి వచ్చి ముమ్మడి కాళ్లకు చుట్టుకుంది. తన్ని వదిలించుకున్నాడు. ఇంకొకటి కుందమ్మ నెత్తిన పడింది. ఆమె దాన్ని చింపకుండా, మడత పెట్టి పక్కన పడేసింది. మూడోది గురి తప్పి కోటగుమ్మం దగ్గర చేతులు చాచి నిలబడ్డ చేటచెవి మీద పడింది. ఎన్ని యుగాలుగానో కన్ను మూయని ఆ రాక్షసి, "అబ్బ, ఎంత వెచ్చగా ఉంది!" అని ఒక్కమాట అని, అక్కడికక్కడే కూలబడి గుర్రుపెట్టింది.

దారి తెరుచుకుంది. గుమ్మం అవతల గంప గాలిలో వేలాడుతోంది. ముమ్మడి గుమ్మం దాటి గంపలోకి దూకాడు.

అత్త చెయ్యి అతని పట్టులోంచి జారిపోయింది.

వెనక్కి తిరిగి చూస్తే కుందమ్మ గుమ్మం లోపలే నిలబడి ఉంది. ముందుకు వంగుతోంది గానీ పాదాలు కదలడం లేదు. ముమ్మడి చంకలోని బొంత నుంచి ఒక దారం బిగుసుకుని ఆమె పక్కనుంచి ముంగిట్లోకి సాగి ఉంది. దాని రెండో కొస ఉన్నిద్రభైరవుడి గుప్పిట్లో ఉంది. తెరిచిన మూలనుంచి వేలాడుతూ వచ్చిన ఆ కొసను వాడు పరుగులో పట్టేసుకున్నాడు. వాడి రెండో చేతిలో ఒక నీలిరంగు గుడ్డముక్క రెపరెపలాడుతోంది.

ఆ ముక్క కుందమ్మది. ముప్పొద్దులా కట్టే నీలిమందు చీరలోంచి కత్తిరించి ఇచ్చింది. అల్లుడి కోసం ఖాళీగా ఉంచిన మూల పక్కనే, ఆ మూలకు ఆనించి కుట్టుకుంది. దారం లాగగానే మొట్టమొదట ఊడి, దారం వెంట వాడి చేతికి చేరింది అదే.

"లాగు, లాగు! అన్నీ ఊడదీస్తాను!" అని మాంత్రికుడు నవ్వుతూ దారాన్ని మోచేతికి చుట్టుకుంటున్నాడు. పర్ మని ఇంకో కుట్టు తెగింది. మేనత్త రవిక ముక్క వదులైంది. దాని పక్కన తాత పంచె, ఆ పక్కన చందమ పెళ్లిచీర.

"కుట్టు!" అని కేక వేసింది కుందమ్మ. దబ్బనం విసిరింది. అది వచ్చి గంప అల్లికలో గుచ్చుకుంది. "మూల ముయ్యి! ముడి పడితే వాడి మంత్రం పనిచెయ్యదు!"

"గుడ్డ ఏదీ?" అని అరిచాడు ముమ్మడి.

కుందమ్మ అతని తల వంక చూసింది, అంతే.

ముమ్మడి పాగా లాగేశాడు. జలతారు అంచును పళ్ల మధ్య పెట్టి సర్రున చింపాడు. మహారాజు చేత్తో చుట్టిన పట్టు, ఇన్నేళ్లు పూజించిన పట్టు, మామూలు గుడ్డలాగే చిరిగింది. ముక్కను మూల మీద అదిమి, బిగుసుకున్న దారాన్ని పళ్లతో కొరికి తెంచి, తెగిన కొసను దబ్బనంలోకి ఎక్కించాడు. వేలిలో దిగింది. మళ్లీ పొడిచాడు. ఒక కుట్టు పొడుగ్గా, ఒకటి పొట్టిగా, ఒకటి బొంతను దాటి గాలిలోకి. పైకీ కిందికీ గుడ్డిగా పొడుచుకుంటూ పోయి, చివరికి గుర్రాన్ని కట్టేసే ముడి వేసి బిగించాడు. అతనికి వచ్చిన ముడి అదొక్కటే.

మాంత్రికుడి చేతిలోని దారం పటుక్కున సడలి బూడిదై రాలింది. వాడు వెల్లకిలా పడ్డాడు. నీలిముక్కను మాత్రం వదలలేదు.

"అత్తా, చెయ్యి ఇవ్వు!" ముమ్మడి గంప అంచు ఎక్కాడు.

"కాళ్లు రావు నాయనా. చూస్తున్నావుగా!"

"నేను లోపలికి వస్తాను. వాడి చేతిలోంచి ఆ ముక్క లాక్కుని..."

"వాడికి చావు లేదు. నీ చేతిలో కత్తి లేదు. నీ బుర్ర సంగతి ఇందాకే రాక్షసికి చెప్పాను" అంది కుందమ్మ. మాటలు గట్టిగానే ఉన్నాయి గానీ ఆమె కళ్లనిండా నీళ్లు ఉన్నాయి. "తప్పు నాది. నా చెయ్యి ఊరుకోలేదు. పిల్ల కళ్లు తెరుచుకుని ఎదురుచూస్తోందయ్యా. ముందు దానికి బొంత కప్పు. పో!"

వెనక మాంత్రికుడు లేస్తున్నాడు. ముమ్మడి కదలకపోవడం చూసి ఆమె తన పక్కనే గుమ్మంలో ఉన్న గిలకను బిగించిన చీలను రెండు చేతులా పట్టుకుని ఊడబీకింది.

గంప రాయిలా పడింది. గిలక గిర్రున తిరిగింది. మోకు పొగలు చిమ్ముతూ జారింది. ముమ్మడి బొంతను గుండెకు అదుముకుని గంప అడుగున చతికిలబడ్డాడు. మేఘాలు పైకి పరుగెత్తాయి.

పైనుంచి ఒక ఈల వినబడింది. దాని వెనకే ఉన్నిద్రభైరవుడి గొంతు: "ముడిపడ్డ బొంత నాకెందుకు? వాణ్ని తీసుకుపోయి నీ పిల్లలకు పెట్టుకో!"

మేఘం చీలింది. రెండు తలల గండభేరుండం, ఒక్కో రెక్క ఒక్కో పందిరంత, గంప మీదికి దూకింది. ఒక తల మోకును కొరికి తెంచింది. కాలి గోళ్లు తెగిన కొసను పట్టుకున్నాయి. పడుతున్న గంప ఒక్క కుదుపుతో ఆగి, మళ్లీ పైకి లేవడం మొదలుపెట్టింది.

పక్షి శిఖరాన్ని చుట్టి, ఉత్తరంగా, మంటలు కక్కే కొండల వైపు తిరిగింది. చలిమల ఉన్నది దక్షిణాన. అక్కడ పొన్నారి వాసాలు చూస్తూ పడుకుని ఉంటుంది. చందమ వాకిట్లో నిలబడి ఉంటుంది. పాగా లేని ముమ్మడి తల మీద చలిగాలి కొట్టింది.

తిరుగుతూ తిరుగుతూ పక్షి కోట బురుజు పక్కనుంచే ఎగిరింది. బురుజు మీద, గాలికి కొట్టుకుంటున్న బొంతల మధ్య, కుందమ్మ నిలబడి ఉంది. ఆమెను అక్కడికి తోలుకొచ్చిన రాతిసింహాలు రెండు పక్కలా కాపలా ఉన్నాయి. వాటిని ఆమె చూడటం లేదు. ముమ్మడి చంకలోంచి వేలాడుతున్న బొంత మూలను, దాని మీద మెరుస్తున్న జలతారు ముక్కను, ఆ ముక్క చుట్టూ పోయిన కుట్లను కళ్లు చిట్లించి చూస్తోంది.

"అదేం కుట్టయ్యా!" అని ఆమె అరిచింది. గాలిలో ఆ గొంతు స్పష్టంగా వినిపించింది. "చూడలేక చస్తున్నాను! పిల్ల నిద్రపోయాక ఆ బొంత పట్టుకుని ఇక్కడికి రా! నేను విప్పి, మళ్లీ కుడతాను! విన్నావా అల్లుడూ? తప్పకుండా రా!"

"వస్తాను అత్తా!" అని ముమ్మడి గొంతు చిరిగేలా కేక వేశాడు. "విప్పకుండా తెస్తాను!"

బురుజు వెనకబడింది. ముమ్మడి మిగిలిన పాగాతో బొంతను వీపుకు కట్టుకున్నాడు. దబ్బనాన్ని పళ్ల మధ్య అడ్డంగా కరిచి పట్టుకున్నాడు, కుట్టు మధ్యలో అత్త పట్టుకునేది కూడా అలాగే. చీర గోచీ బిగించి, రెండు చేతులా మోకు అందుకుని, గండభేరుండం కాలి వైపు ఎక్కడం మొదలుపెట్టాడు.